అత్త మోకాలి లెక్క

ఆ పెట్టె మా ఇంట్లో ఉన్నది నలభై రోజులు. ఆ నలభై రోజుల్లో నేను అరిచిన అరుపులు, పెళ్ళయిన పన్నెండేళ్ళలో కలిపినా అరిచి ఉండను. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, సాగే బెల్టుకి కుట్టి ఉండేది. మోకాలి కింద కట్టుకుంటే కాలు ఎంత వంగుతోంది, ఎన్నిసార్లు వంగుతోంది అన్నది అదే కనిపెట్టి, క్యాలిక్యులేటరుకి ఉన్నట్టే చిన్న అద్దంలో అంకెలు చూపించేది. కట్టుకోవలసింది మా అత్త. అంకెలు చూడవలసింది ఫిజియోథెరపీ ఆయన. మధ్యలో పడి నలిగింది నేను.

మా అత్తది తిరుపతి పాత మార్కెట్టు పక్కన బొరుగుల అంగడి. అంగడంటే తలుపూ తాళమూ ఉన్నది కాదు. గోడవార నాలుగు గోతాలు, కింద ఒక పట్టా, పట్టా మీద కాళ్ళు మడుచుకుని మా అత్త. బొరుగులు, పుట్నాలు, వేయించిన శెనక్కాయలు పడితో కొలిచి పోసేది. మామ పోయాక ముప్పై ఏళ్ళు అక్కడే కూర్చుంది. అక్కడ కూర్చునే నా మొగుణ్ణి చదివించి రేణిగుంటలో ఫ్యాక్టరీ ఉద్యోగం దాకా తెచ్చింది. ఒక వానరోజు అదే మార్కెట్లో కుళ్ళిన టమోటాల మీద కాలు జారి, మోకాలిచిప్ప రెండు ముక్కలు చేసుకుంది.

నడుముకి సూదేసి, తీగతో చిప్పని కట్టారు. కట్టు విప్పేసరికి కాలు బిగుసుకుపోయి కూర్చుంది. ఎముకల డాక్టరు పెద్దాయన, మాటల్లో పొదుపు. "ఆరు వారాలు టైమిస్తున్నా. ఈ మోకాలు తనంతట తాను తొంభై డిగ్రీలు వంగాలి, అంటే కుర్చీలో కూర్చున్నప్పుడు వంగినంత. వంగకపోతే పూర్తి మత్తిచ్చి మేమే వంచాల్సి వస్తుంది" అన్నాడు.

మా అత్తకి చెవిలో పడింది ఒక్క మాటే, మత్తు. ఆమెది కార్వేటినగరం పక్క పల్లె. ఎప్పుడో పాతకాలంలో వాళ్ళక్కని ఏదో ఆపరేషన్‌కి తీసుకుపోయి మత్తిస్తే, ఆమె మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఆటోలో ఇంటికొస్తున్నంతసేపూ నా చెయ్యి వదల్లేదు.

"నడుముకి సూదేస్తే ఏస్తిరి. మొత్తం మత్తంటే నేను లెయ్యను మే. మా అక్క లేసిందా?"

"ఆ కాలం వేరు అత్తా. ఆరు వారాలు చెప్పినట్టు చేస్తే మత్తూ లేదు, గిత్తూ లేదు."

"చేస్తా. చచ్చినట్టు చేస్తా" అంది. ఆ మాట ఎంత నిజమో నాకు తెలియడానికి నాలుగు వారాలు పట్టింది.

ఫిజియో ఆయన వారానికి రెండుసార్లు బండేసుకుని ఇంటికొచ్చేవాడు. పని చూస్తే సులువే. మంచం అంచున కూర్చుని, మడమని మంచం కిందికి లాక్కోవాలి, అయిదు అంకెలు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచాలి, మెల్లగా వదలాలి. పొద్దున పది, మధ్యాహ్నం పది, సాయంత్రం పది. "తక్కువ చెయ్యొద్దు, ఎక్కువా చెయ్యొద్దు" అన్నాడు. మేమందరం మొదటి ముక్కే విన్నాం.

నాకు చిత్తూరులో ఆఫీసు. పొద్దున ఏడింటి బస్సు పట్టుకుంటే, పాకాలలోనో పూతలపట్టులోనో నిలబడి నిలబడి పదింటికి చేరేదాన్ని. మొగుడికి షిఫ్టులు. ఇంట్లో పగలంతా ఆమె ఒక్కతే. మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోన్ చేసేదాన్ని.

"అత్తా, చేసినావా?"

"చేసినా."

"ఎన్ని చేసినావు?"

"అన్నీ చేసినా."

"అన్నీ అంటే?"

"అన్నీ అంటే అన్నీనే మే! నువ్వు అన్నం తిన్నావా?"

ఇదీ వరస. పోలీసోళ్ళు అడిగినా ఆమె నోట్లోంచి అంకె రాదు. ఈ బాధ నేను ఫిజియో ఆయన ముందు వెళ్ళబోసుకుంటే, మూడో రోజున ఆయన ఈ పెట్టె తెచ్చాడు. ఊరి బయట ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే ఆయన స్నేహితుడు తయారు చేశాడట. ఎవరి కాలికైనా కట్టి చూడాలని ఇద్దరూ ఉబలాటపడుతున్నారు. దొరికింది మా అత్త కాలు.

అది కదలికని పసిగడుతుందని ఆయన చెప్పాడు. మనం ఒక హద్దు పెడతాం. కాలు ఆ హద్దు దాటి వంగితేనే కుయ్‌మంటుంది, లెక్కలో ఒకటి వేసుకుంటుంది. వంగకపోతే నోరు మెదపదు. ఏ రోజు ఎన్నో దాచిపెడుతుంది. కాలు కాస్త దారికి వచ్చినప్పుడల్లా ఆయనొచ్చి హద్దు పెంచుతాడు. వింటుంటే నా ప్రాణం లేచొచ్చింది. ఇక ఫోన్లు అక్కర్లేదు, బతిమాలడాలు అక్కర్లేదు, అంకె దాచడానికి మా అత్తకి దారి లేదు అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

మొదటిరోజే పెట్టెకి పసుపూ కుంకుమా పెట్టింది. అద్దం మీద. అంకెలు కనబడక నేను తడిగుడ్డతో తుడుస్తుంటే, "మెల్లిగా తుడువు, వాడికి దెబ్బ తగలతాది" అంది. పెట్టె అప్పటికే 'వాడు' అయిపోయాడు. వాడు కుయ్‌మంటే సంతోషం. మూగగా ఉంటే, "ఏం రా, గమ్మునుండావు? ఇంతకన్నా యాడికి వంచేది?" అని తిట్లు. స్నానానికి పోయేటప్పుడు విప్పమంటే మరిచిపోయి రెండుసార్లు తడిపింది. ఆరబెట్టడానికి పొయ్యి పక్కన పెట్టింది. పొయ్యి పక్కన! రాత్రికి ఛార్జింగు పెట్టమంటే, కరెంటు పట్టుకున్న పెట్టెని కాలికి కట్టుకుంటే షాకు కొడుతుందని పొద్దున దాన్ని గంటసేపు కిటికీలో చల్లారబెట్టేది. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. ఒక సాయంత్రం నేను చిత్తూరు నుంచి అలిసిపోయి వచ్చేసరికి, మంచం మీద ఎదురింటామె కూర్చుని ఉంది. బెల్టు ఆమె కాలికి ఉంది. ఆమె కాలాడిస్తోంది, పెట్టె కుయ్ కుయ్‌మంటోంది, మా అత్త పక్కన కూర్చుని చప్పట్లు కొడుతోంది.

"ఊరికే సూస్తానంటే కట్టినాను మే. ఆయమ్మకి ఎంత బిన్నా, టకటకా మోగుతాండాడో సూడు!"

నాకు ఒళ్ళు మండింది. ఆమె ముందు ఏమనలేక వంటింట్లోకి పోయి గిన్నెలు దడదడా ఎత్తిపడేశాను. కానీ ఆ దృశ్యం నా మనసులో పడి ఉండిపోయింది. తర్వాత జరిగిందానికంతా అదే మూలం.

రెండు వారాలు గడిచాక ఫిజియో ఆయన అంకెలు తీసి కాయితం మీద రాసుకున్నాడు. ముప్ఫై ఉండాల్సిన చోట ఒకరోజు ముప్ఫై ఎనిమిది, ఒకరోజు నలభై ఒకటి, ఇంకోరోజు నలభై మూడు. ముప్ఫై అన్నది ఒక్కరోజూ లేదు. ఆయన మోకాలు పట్టుకు చూశాడు. వాచి ఉంది, వేడిగా ఉంది. నన్ను వరండాలోకి పిలిచాడు.

"ఇంత వాపున్న మోకాలు రోజుకి ఇన్నిసార్లు ఈ హద్దు దాటదమ్మా. నాకెందుకో నమ్మకం కుదరడం లేదు. ఇంకెవరైనా కట్టుకుంటున్నారా?"

నాకు ఎదురింటామె కాలు కళ్ళముందు ఆడింది. ఇంకేముంది! నేను చూసిందంతా చెప్పేశాను. చాడీలు చెప్పే పిల్లలా చెప్పాను. ఆయన తల పంకించి, "అదీ సంగతి. ఈమె చెయ్యడం లేదు. కూర్చుని కూర్చునే వాచింది. ఇకనుంచి పూటకి ఇరవై చేయించండి. హద్దు కూడా పెంచుతున్నా" అన్నాడు.

ఆయన బండి సందు దాటిందో లేదో నేను మొదలుపెట్టాను. ఏమేం అన్నానో ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది. రాస్తాను. "ఎవరి కళ్ళు కప్పుదామని అత్తా? నువ్వు చెయ్యాల్సింది ఎదురింటామెతో చేయించి లెక్క కడతావా? మేం ముగ్గురం గాడిదల్లా నీ చుట్టూ తిరుగుతుంటే, దొంగలెక్క చూపిస్తావా? రేపు మత్తిస్తే ఎవరికి? నాకా?"

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు. అసలు అర్థం కానట్టు చూసింది.

"నేనే చేసినాను మే. అన్నీ నేనే చేసినాను. ఆయమ్మ ఆ ఒక్క పూటే."

"మరి ముప్ఫై చెయ్యమంటే నలభై మూడెట్లా వచ్చింది? వాపు కాలితో?"

"చేస్తే వచ్చింది. చెయ్యకుండా వస్తాదా?"

"చాల్లే, ఊరుకో."

ఆమె ఊరుకుంది. ఆ సాయంత్రం నుంచి నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ బిగదీసుకున్నాను. నా మొగుడు ఇద్దరి మధ్యా నిలబడి, "పోనీ లేబ్బా, ఇద్దురూ గమ్మునుండండి" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన చేసిన సాయం అదీ.

పూటకి ఇరవై అయ్యాక అంకెలు ఇంకా పెరిగాయి. డెబ్బై ఒకటి. డెబ్బై నాలుగు. నేను పొద్దున పోతూ పోతూ పెట్టె అద్దం చూసి, పెదవి విరిచి, చెప్పులేసుకుని పోయేదాన్ని. ఎదురింటామెని సందులో చూస్తే మొహం తిప్పుకునేదాన్ని. పాపం, ఆమెకి ఎందుకో కూడా తెలీదు. మా అత్త మోకాలు మాత్రం రోజురోజుకీ ఉబ్బుతోంది. బాత్రూముకి పోవడానికి గోడ పట్టుకునే మనిషి ఇప్పుడు గోడా, తలుపూ, నా మొగుడి భుజమూ పట్టుకుంటోంది. నేను దాన్నీ నాటకం అనుకున్నాను.

నాలుగో వారం చివర ఒక పొద్దున నేనెక్కిన బస్సు చంద్రగిరి దాటలేదు. ఏదో గొడవ మీద రోడ్డుకి అడ్డంగా జనం కూర్చున్నారు. గంట చూసి, ఆ రోజుకి ఆఫీసుకి దండం పెట్టి వెనక్కొచ్చాను. ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. తలుపు దగ్గరికేసి ఉంది. చప్పుడు కాకుండా తోశాను. దొంగని పట్టుకోవాలనే తోశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి!

ఇంట్లో ఎదురింటామె లేదు. ఎవరూ లేరు. మా అత్త మంచం అంచున కూర్చుని, తువ్వాలు మెలితిప్పి చీలమండకి ముందునుంచి తగిలించి, రెండు కొసలూ తొడకి చెరోపక్కా పట్టుకుని వెనక్కి చేతులతో లాగుతోంది. కాలు దానంతటది వంగడం లేదు. చేతులు వంచుతున్నాయి. కింది పెదవిని పళ్ళతో పట్టుకుని ఉంది. రవికె వీపంతా తడిసిపోయింది. కుయ్‌మన్నాక తువ్వాలు వదిలి, ఊపిరి పీల్చుకుని, లెక్క చెప్పుకుంటోంది.

"పదిహేడు... పద్దెనిమిది..."

నేను గడపలోనే నిలబడిపోయాను. ఇరవై అయింది. అయిపోయింది కదా, తువ్వాలు తీస్తుంది అనుకున్నాను. తియ్యలేదు. కళ్ళు మూసుకుని మళ్ళీ లాగింది. కుయ్‌. ఇంకోటి. కుయ్‌. ఈసారి లెక్క చెప్పుకోలేదు. మూడోదానికి నోట్లోంచి ఒక మూలుగొచ్చింది. నాలుగోది పెట్టె మోగే దాకా రాలేదు, సగంలో ఆగింది. "ఉండ్రా, ఉండు" అని మళ్ళీ లాగింది.

"అత్తా!" అని నేను అరిచిన అరుపుకి తువ్వాలు జారి కింద పడింది.

"ఏం మే, అట్లొచ్చి నిలబడినావు! గుండె ఆగిపొయ్యింది!"

"ఇరవై అయిపోయాయి కదా. ఇంకా ఎందుకు చేస్తున్నావు?"

"కొసరు."

నాకు అర్థం కాలేదు. ఆమె, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు విసుక్కుంది.

"కొసరు మే. పడి బొరుగులు కొలిచి, దానికి దాన్నే పోసి పంపిస్తే ఎవురన్నా మళ్ళా మన అంగడికొస్తారా? పైన గుప్పెడు ఎయ్యల్ల. డాక్టరు ఇరవై అడిగినాడు, ఇరవై ఇచ్చినా. పైన నాలుగైదు నేను ఏస్తాండా. రేపు ఆరువారాలకి ఆయన కొల్సినప్పుడు నా పక్క రవ్వంత మంచిగా ఉండల్ల గదా."

"మొదటినుంచీ ఇట్లాగే చేస్తున్నావా?"

"పది అన్నప్పుడు మూడో నాలుగో. ఇప్పుడు నాలుగో అయిదో. కొసరుకి లెక్కుంటాదా?"

నాకు ఏడవాలో తల బాదుకోవాలో తెలియలేదు. తల బాదుకున్నాను. నిజంగానే, అరచేత్తో, గడపలో నిలబడి. ముప్ఫై ఏళ్ళు ఎవరికీ తక్కువ కొలవని మనిషి, తన మోకాలి దగ్గరా తక్కువ కొలవలేదు. ఆ సంగతి ఇంట్లో ఉన్న నాకు తట్టలేదు. ఎదుటివాళ్ళ కాలే కనబడింది గానీ ఆమె కాలు కనబడలేదు.

"కాలు వాస్తోంది కదా అత్తా! నొప్పిగా ఉంది కదా! ఒక్కసారన్నా చెప్పొచ్చు కదా, ఇట్లా చేస్తున్నానని!"

"చెప్పినా గదా, నేనే చేస్తాండానని" అంది.

ఫిజియో ఆయనకి ఫోన్ చేశాను. చూసింది చూసినట్టు చెప్పాను. "అయ్యో, అయ్యో, ఆపించండమ్మా, వెంటనే ఆపించండి" అన్నాడు. బండి మీద పరుగున వచ్చాడు. లోపల కండ రేగిపోయిందనీ, బలవంతాన లాగేకొద్దీ ఇంకా బిగుసుకుంటోందనీ, అయిదు రోజులు ఐసుముక్కలు పెట్టి కదలకుండా ఉంచాలనీ చెప్పాడు. పెట్టె విప్పి చేతిలో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. పాపం పెట్టె ఏం చేసింది? వంగిన ప్రతిసారీ వంగిందనే చెప్పింది. నమ్మనిది మేం. నాకు ఆయన మీద అరవాలనిపించింది. ఎక్కువ చెయ్యొద్దని మొదటిరోజే చెప్పిన మనిషి, అంకె ఎక్కువొస్తే ఎక్కువ చేస్తోందేమో అని ఎందుకు అనుకోలేదు? అరవలేదు. ఎదురింటి కాలు కథ ఆయనకి చెప్పింది నేనే.

అయిదు రోజులు ఐసుముక్కలు పెట్టాం. తర్వాత పూటకి అయిదంటే అయిదే. నేను సెలవు పెట్టి పక్కన కూర్చున్నాను. ఆరోది చెయ్యబోతే తొడ మీద చెయ్యి వేసి అదిమి పట్టేదాన్ని. "అయిదు అడిగి అయిదే ఇస్తే ఏం బాగుంటాది మే" అని గొణిగేది. వాపు తీసింది. కానీ ఉన్న రోజులు వారం.

ఆరు వారాల నాడు ఎముకల డాక్టరు కాలుని బల్ల మీద పెట్టి, స్కేలు లాంటిది ఆనించి కొలిచాడు. డెబ్బై రెండు. మళ్ళీ కొలిచాడు. డెబ్బై రెండే. మా అత్త ఆయన మొహం చూస్తోంది, ఇంకేమైనా కలుపుతాడేమో అన్నట్టు. ఆయన కలపలేదు.

"ఎల్లుండి పొద్దున రండి. వంచేస్తాం. పది నిమిషాల పని" అన్నాడు.

ఆ ఎల్లుండి పొద్దున స్ట్రెచరు మీద పడుకోబెట్టాక, ఆమె గాజులు తీసి నా చేతికిచ్చింది. ముక్కుపుడక తియ్యడానికి రాలేదు, నేను తీశాను. కొడుకుని పిలిచి అంగట్లో గోతాల మూతులు కట్టి ఉన్నాయో లేదో అడిగింది. నా మొహం మాత్రం చూడలేదు. కాయితం మీద సంతకం పెట్టమని నర్సు నాకిచ్చింది. పెట్టాను. ఆ పూట నాకు వచ్చిన కోపం ఎవరి మీదో చెప్పలేను. డాక్టరు మీద కాదు, పెట్టె మీద కాదు. ఈ మనిషి ఎంతో భయపడి, భయంతోనే ఎవరూ చెయ్యనంత చేసింది. అంత చేసినందుకే ఇక్కడికొచ్చి పడుకుంది. ఆమెని అక్కడి దాకా తోసింది నా నోరు.

డాక్టరు వస్తుంటే ఎదురు పోయి చెప్పేశాను. నర్సులూ, నా మొగుడూ, అందరూ ఉండగానే. "ఆమె ఒక్కటీ ఎగ్గొట్టలేదు సార్. అన్నీ చేసింది, ఇంకా ఎక్కువే చేసింది. దొంగలెక్క అన్నది నేను. ఫిజియో ఆయనకి నేను అలా చెప్పినందుకే పూటకి ఇరవై పెట్టారు." ఆయన గడియారం చూసుకుని, "సరేనమ్మా, ఏం కాదు" అని లోపలికి పోయాడు. ఆయనకి అది అక్కర్లేని సంగతి. స్ట్రెచరు మీదున్న మా అత్త వింది. స్ట్రెచరు లోపలికి తోశారు. తలుపు మూశారు.

పది నిమిషాలన్నది గంటంబావు అయింది. ఆ గంటంబావులో వాళ్ళక్క ఎన్నిసార్లు నా కళ్ళముందుకొచ్చిందో! నేను ఎన్నడూ చూడని మనిషి. నర్సు బయటికొచ్చి, "వంగిందమ్మా, నూట పది దాకా వచ్చింది" అంది. "మనిషి?" అన్నాను. "తెలివొస్తోంది, పోయి చూడండి" అంది.

మా అత్త కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి. నాలుక తిరగడం లేదు. నా చెయ్యి కోసం తడిమింది. ఇచ్చాను.

"లేసినానా?"

"లేసినావత్తా."

కాసేపు కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచింది.

"వంగిందా?"

"వంగింది. నూట పది. ఇక కుర్చీ ఏంది, ముక్కాలిపీటేసుకుని అంగట్లో కూర్చోవచ్చు."

"నువ్వు సూసినావా?"

"లేదు, నన్ను లోపలికి రానివ్వలేదు. నర్సు చెప్పింది."

మా అత్త నన్ను చూసింది. నాలుగు వారాల తర్వాత మొదటిసారి తిన్నగా నా కళ్ళలోకే చూసింది.

"ఆయమ్మ చెప్తే నమ్మినావు. నేను చెప్తే నమ్మలేదు గద మే" అంది.

ఆమె గాజులు నా చేతిలోనే ఉన్నాయి. ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకుని, ఒక్కొక్కటే తొడగడం మొదలుపెట్టాను.